లూర్దుమాత పాలరాతి విగ్రహాన్ని పాదాల నుంచి చదవాలి

గుణదల కొండ గుహలో నిలబడ్డ మాత రూపాన్ని తెలుగువాళ్లకు కొత్తగా వర్ణించక్కర్లేదు. తెల్లటి వస్త్రం, నీలి నడికట్టు, జోడించిన చేతులు, కుడి చేతికి వేలాడే జపమాల, పాదాల మీద ఒక్కో బంగారు గులాబీ. 1924లో ఆర్లాటి స్వామి అనే పాదిరి అక్కడ విగ్రహం నెలకొల్పారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్లకు అన్ని మతాలవాళ్లూ కొండెక్కుతారు, కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. పల్లెటూరి చర్చి ఆవరణలో రాళ్లు పేర్చి కట్టిన చిన్న గుహలోనూ ఇదే రూపం. వీటన్నిటికీ మూలమైన పాలరాతి విగ్రహం ఫ్రాన్స్‌లో, పిరనీస్ కొండల పాదాన ఉన్న లూర్దు ఊళ్లో, మస్సబియేల్ గుహ గూటిలో ఉంది. 1864 ఏప్రిల్ 4న దాన్ని అక్కడ నిలిపారు. చెక్కినవాడు లియోన్ నగరపు శిల్పి జోసెఫ్ యూగ్ ఫాబిష్. రాయి ఇటలీలోని కరారా గనులది.

పాత చర్చి అటక మీదో, మిషన్ బంగళాలోనో, పాత సామాన్ల అంగట్లోనో ఓ తెల్లటి మరియమాత విగ్రహం బయటపడితే రెండు ప్రశ్నలు వస్తాయి. ఇది ఏ మాత? ఇది నిజంగా పాలరాయేనా? మొదటిదానికి జవాబు తేలికని చాలామంది అనుకుంటారు. కాదు. రాతిలో చెక్కినవి నిలుస్తాయి కానీ, రాతికి పూసిన రంగు, తగిలించిన లోహం కాలంతో పోతాయి. లూర్దుమాతను లూర్దుమాతగా పట్టిచ్చే గుర్తుల్లో సగం ఆ రంగూ లోహమే. కాబట్టి ఉన్నవాటితో పాటు ఊడిపోయినవాటి ఆనవాళ్లు కూడా వెతకాలి.

ఒక మాట రాయిగా మారిన తీరు

1858 ఫిబ్రవరి 11 నుంచి జులై 16 దాకా మొత్తం 18 సార్లు దర్శనం కలిగిందని చెప్పిన బెర్నదెత్ సుబిరూ అప్పటికి 14 ఏళ్ల పిల్ల. తండ్రి పిండిమర నడిపి చితికిపోయినవాడు. ఆ పిల్లకు ఇంటి గాస్కన్ యాస తప్ప ఫ్రెంచి సరిగా రాదు, చదువు లేదు. కనిపించినదాన్ని మొదట్లో ఆమె మాత అననే లేదు, ‘అకేరో’ అనేది. అంటే ‘అది’. మార్చి 25న, 16వ దర్శనంలో, పేరేమిటని పదేపదే అడిగింది. అప్పుడు ఆ స్త్రీ జోడించిన చేతులు విప్పి కిందికి చాపి, మళ్లీ ఛాతీ దగ్గర జోడించి, కళ్లు పైకెత్తి చెప్పిన మాట ఇదట: ‘కే సోయ్ ఎరా ఇమ్మాకులాదా కున్సెప్సియు’, అంటే ‘నేను మలినం లేని ఉద్భవాన్ని’. గాస్కన్ యాసలోనే ఉన్న ఆ వాక్యాన్ని ఈనాటికీ విగ్రహం కాళ్ల దిగువన చదువుకోవచ్చు.

ఈ మాట దగ్గర చాలామంది పొరపడతారు. యేసు కన్య గర్భాన పుట్టడం గురించిన మాట ఇదని అనుకుంటారు. ఇది మరియమ్మ గురించినది. ఆమె తన తల్లి అన్నమ్మ కడుపున పడిన క్షణం నుంచే జన్మపాపం అంటకుండా ఉందని కతోలిక విశ్వాసం. శతాబ్దాల తరబడి ఫ్రాన్సిస్కన్ సభవాళ్లు ఔనని, డొమినికన్ సభవాళ్లు కాదని వాదించుకున్న విషయం అది. 1854 డిసెంబరు 8న తొమ్మిదో పయస్ పోపు దాన్ని విశ్వాస సత్యంగా ప్రకటించి వాదన ముగించారు. అంటే లూర్దు దర్శనాలకు నాలుగేళ్లు కూడా ముందు కాదు. తెలుగు కతోలికులు వాడే ‘అమలోద్భవి’ అన్న మాట దీనికి చక్కగా కుదిరింది: మలినం లేకుండా ఉద్భవించినది. అయితే బెర్నదెత్ విన్న వాక్యంలో ఓ ఇబ్బంది ఉంది. అక్కడ వ్యక్తి పేరు ఉండాల్సిన చోట సంఘటన పేరు ఉంది. ‘నేను అమలోద్భవిని’ అని కాక ‘నేను అమలోద్భవాన్ని’ అన్నట్టు ఉంటుంది. ఊరి పాదిరి పేరమాల్‌ను కలవరపెట్టింది ఇదే. ఆ వాక్యానికి అర్థం తెలియని పిల్ల, మరిచిపోకుండా దారంతా వల్లించుకుంటూ వచ్చి ఆయనకు అప్పజెప్పింది. మన ‘అమలోద్భవి’ ఆ ఎగుడుదిగుడును సాపు చేసేసింది.

1862 జనవరిలో తార్బ్ పీఠాధిపతి (బిషప్) దర్శనాలు నిజమని ప్రకటించాక, లియోన్‌కు చెందిన లకూర్ అక్కచెల్లెళ్లు విగ్రహానికి ఖర్చు పెట్టుకున్నారు. ఫాబిష్ అప్పటికే పేరున్నవాడు. లియోన్‌లోని ఫూర్వియేర్ గుట్ట మీద, బంగారు పూత పూసిన మరియమాత విగ్రహం ఆయనదే. 1863 సెప్టెంబరులో లూర్దుకు వచ్చి బెర్నదెత్‌ను కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. ఆ మాట చెప్పినప్పుడు ఆ స్త్రీ ఎలా నిలబడిందో చేసి చూపించమన్నాడు. పిల్ల లేచి చేతులు జోడించి, కళ్లెత్తి చూపించింది. ఫాబిష్ రాతిలో పట్టుకున్న క్షణం అదే. మిగతా దర్శనాల్లోని నవ్వు, నమస్కారం, జపమాల తిప్పడం ఏదీ ఈ విగ్రహంలో లేదు.

పిల్ల చెప్పిందొకటి, రాతిలో దిగిందొకటి. ఆమె చూసింది చిన్నమ్మాయిని, తన ఎత్తే ఉన్నదాన్ని. బెర్నదెత్ పెద్దయ్యాక కూడా నాలుగడుగుల ఏడంగుళాల మనిషి. విగ్రహమేమో ఆరడుగుల పైమాట, నిండు వయసు స్త్రీ. విగ్రహం బాగుంది కానీ తాను చూసిన ఆమె కాదన్నదే బెర్నదెత్ అభిప్రాయం. ప్రతిష్ఠ రోజున ఆమె జబ్బుపడి ఉంది, రాలేదు.

ఫాబిష్‌ను పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు. గూడు ఎత్తులో ఉంది, జనం కింది నుంచి చూస్తారు. నాలుగడుగుల బొమ్మ పెడితే అక్కడ బొమ్మలాగే ఉండేది. పైగా అప్పటికి ఐరోపా కళ్లకు అలవాటైన మరియమాత పొడుగాటి రాణి. ఆయన పిల్ల సాక్ష్యాన్ని విన్నాడు, తర్వాత అలవాటైన మూసలోకి సర్దేశాడు. ఆయనకు దక్కిన శిక్ష వేరే దిక్కు నుంచి వచ్చింది. శిల్పశాలలో పై నుంచి పడే వెలుగులో చెక్కిన ముఖం మీద, గూట్లో పెట్టాక, కింది నుంచి తట్టి లేచిన వెలుగు పడింది. నీడలన్నీ తిరగబడి ముఖంలో భావమే మారిపోయింది. తన కళాజీవితంలో పెద్ద దుఃఖాల్లో ఇదొకటని ఆయనే వాపోయాడు. పాలరాతి విగ్రహాన్ని గుహలో పెట్టి కింద ఫ్లడ్ లైట్లు బిగించేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. దీపం కళ్ల ఎత్తుకు పైన, కాస్త పక్కకు ఉండాలి.

పాదాలు, చేతులు, తల

విగ్రహాన్ని గుర్తించేటప్పుడు ముఖం చూసి మొదలుపెడితే దారి తప్పుతాం. అన్ని మరియమాతల ముఖాలూ ఒక్కలాగే ఉంటాయి. పాదాల దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ రాయి మందం, విరుగుళ్లు తక్కువ.

పాదాలు చెప్పులు లేకుండా, అంచు కింద నుంచి వేళ్లు మాత్రం కనిపిస్తూ, ఒక్కోదాని మీద ఒక గులాబీ ఉంటే లూర్దుమాత. గులాబీ రాతిలోనే చెక్కి ఉంటుంది. దాని బంగారు పూత పోయినా ముద్దగా, చిన్న ఉబ్బులా మిగులుతుంది. వేలితో తడిమితే రేకులు తెలుస్తాయి. పాదం కింద రాయి గరుకుగా, కొండరాయిలా ఉంటే ఇంకా నమ్మకం. చాలా నకళ్లలో పాదాల దగ్గరే అడవి గులాబీ తీగ కూడా ఉంటుంది, గూటి కింద నిజంగా ఉన్న పొదకు గుర్తుగా.

పాదాల కింద భూగోళం, దాన్ని చుట్టిన పాము ఉంటే ఆమె వేరు. 1830 నవంబరు 27న పారిస్‌లోని రూ ద్యు బాక్ మఠంలో కాతరీన్ లబూరే అనే కన్యకు కలిగిన దర్శనం నుంచి వచ్చిన రూపం అది. 1832లో పతకాలు పోసి పంచిపెట్టారు. అద్భుత పతకం మాత అంటారు. ఆమె చేతులు కిందికి చాపి ఉంటాయి, అరచేతుల నుంచి కిరణాలు. తికమక ఎక్కడంటే, బెర్నదెత్ చూసిన స్త్రీ కూడా చేతులు జోడించడానికి ముందు అలాగే చాపింది. ఆ పతకం మీది మాతలాగే చాపిందని బెర్నదెత్తే చెప్పింది. రెండూ అమలోద్భవి రూపాలే, ఒకే కదలికలో రెండు క్షణాలు. విరిగిన చేతులకు మరమ్మతు చేసేవాడికి ఇది తెలియకపోతే, లూర్దుమాతకు చాపిన చేతులు అతికించి ఆమెను పారిస్ మాతను చేసేస్తాడు.

పాము ఎలా వచ్చిందన్నది చిన్న భాషా సమస్య. ఆదికాండం 3వ అధ్యాయం 15వ వచనంలో సర్పంతో దేవుడు అన్న మాట తెలుగు బైబిలులో ‘అది నిన్ను తలమీద కొట్టును’ అని ఉంటుంది. ‘అది’ అంటే స్త్రీ సంతానం. శతాబ్దాలపాటు పశ్చిమ ఐరోపా చదివిన లాటిన్ బైబిలులో అక్కడ స్త్రీలింగ సర్వనామం పడింది: ‘ఆమె నీ తల చితకగొట్టును’. ఆ ఒక్క అక్షరం తేడాతో పాము మరియమాత మడమ కిందికి వచ్చింది. 1979లో వాటికన్ తెచ్చిన కొత్త లాటిన్ పాఠం దాన్ని సరిచేసింది కానీ, అప్పటికి లక్షల విగ్రహాల కింద పాము నలుగుతూనే ఉంది.

నెలవంక కథ ఇంకా పాతది. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో సూర్యుణ్ణి ధరించి, కాళ్ల కింద చంద్రుడు, తల మీద 12 నక్షత్రాల కిరీటం ఉన్న స్త్రీ కనిపిస్తుంది. స్పెయిన్ చిత్రకారులు ఆమెనే అమలోద్భవిగా గీశారు. సెవీయకు చెందిన ఫ్రాన్సిస్కో పచేకో, ఆయన మరణానంతరం 1649లో అచ్చయిన చిత్రకళా గ్రంథంలో, కొలతలిచ్చినంత కచ్చితంగా నియమాలు రాశాడు: 12, 13 ఏళ్ల అమ్మాయి, తెల్ల అంగీ, నీలి పైవస్త్రం, నెలవంక కొమ్ములు కిందికి. తమాషా ఏమిటంటే, బెర్నదెత్ చూసిన చిన్నమ్మాయి వయసు ఫాబిష్ విగ్రహం కంటే ఈ స్పెయిన్ నియమానికే దగ్గర.

ఇక చేతులు. లూర్దుమాతవి జోడించి, వేళ్లు నిటారుగా ఉంటాయి. జపమాల కుడి ముంజేతి మీద నుంచి జారుతుంది. చేతులు ఛాతీ మీద అడ్డంగా మడిచి ఉంటే స్పెయిన్ తరహా అమలోద్భవో, దేవదూత మాట వింటున్న మరియమ్మో కావచ్చు. పాదాల్ని బట్టి తేల్చాలి. ఛాతీ మీద గుండె, దానిలో ఏడు కత్తులు దిగి ఉంటే వ్యాకులమాత. ఒకే కత్తి అయినా ఆమెనే. లూకా సువార్తలో సిమియోను ‘నీ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుంది’ అన్న మాట దానికి ఆధారం. చేతిలో రెండు చిన్న గుడ్డముక్కలు తాడుతో వేలాడుతుంటే కార్మెల్ మాత. ఫాతిమామాతను లూర్దుమాత అనుకోవడం మన దగ్గర నిత్యం జరిగే పొరపాటు. ఇద్దరూ తెలుపు, ఇద్దరూ చేతులు జోడిస్తారు. ఫాతిమామాతకు నడికట్టు, గులాబీలు ఉండవు. పైవస్త్రం అంచున బంగారు గీత, తరచూ తల మీద కిరీటం ఉంటాయి. 1917 నాటి దర్శనాల రూపం కాబట్టి అంతకు ముందుది కావడానికి వీల్లేదు.

కిరీటం ఉన్నంత మాత్రాన లూర్దుమాత కాదనడానికి లేదు. 1876 జులై 3న పోపు ప్రతినిధి లూర్దులో విగ్రహానికి కిరీటధారణ చేశాక కిరీటం ఉన్న నకళ్లూ వచ్చాయి. తల వెనక లోహపు వలయం, దాని మీద ఫ్రెంచిలో ‘నేను అమలోద్భవాన్ని’ అన్న అక్షరాలు ఉండేవి మరో రకం. వలయం ఊడిపోయిన విగ్రహాల్లో తల వెనక భాగాన, మేలిముసుగు మడతల మధ్య, పెన్సిలు మొన దూరేంత రంధ్రం ఉంటుంది. చుట్టూ తుప్పు మరకో, పచ్చటి ఇత్తడి మరకో ఉంటే లోహం అక్కడ చాలాకాలం ఉన్నట్టే. ముంజేతి కింద అలాంటి రంధ్రమే ఉంటే జపమాల లోహపు గొలుసన్నమాట.

నీలి నడికట్టు రంగు పోయి రాయి తెల్లగా బయటపడితే? భూతద్దంతో ముడి లోపలి వైపు, మడతల లోతుల్లో చూడాలి. బయట ఎంత అరిగినా అక్కడ ఓ నీలి రేణువు దొరుకుతుంది. విగ్రహం దొరకగానే కడిగేయకూడదనడానికి మొదటి కారణం ఇదే.

కాలం తేల్చడానికి పక్కనున్న బొమ్మ ఒక్కోసారి బాగా పనికొస్తుంది. గుహ ముందు మోకరించిన బెర్నదెత్ తల వెనక పునీతుల వలయం ఉంటే ఆ బొమ్మ 1933 డిసెంబరు 8 తర్వాతది. ఆమెను పునీతురాలిగా ప్రకటించింది ఆ రోజే. వలయం లేనంత మాత్రాన పాతదని మాత్రం అనుకోకూడదు.

అసలు పాలరాయేనా

19వ శతాబ్దంలో శిల్పి మట్టితో నమూనా చేసేవాడు. దాన్ని ప్లాస్టర్‌లో పోసేవారు. ఆ ప్లాస్టర్ నమూనా మీద బిందువులు గుర్తుపెట్టి, సర్దుకునే చేయి, జారే సూది ఉన్న కొలత పరికరంతో ఒక్కో బిందువు లోతును రాతి మీదికి ఎక్కించేవారు. చెక్కుడు పని చాలావరకు పనివాళ్లదే, చివరి మెరుగు శిల్పిది. ఈ పద్ధతి వల్ల ఒకే నమూనా నుంచి రకరకాల సైజుల్లో నకళ్లు వచ్చాయి. కాబట్టి ‘ఇది ఫలానా శిల్పిది’ అని రూపం చూసి చెప్పడం దాదాపు కుదరదు. వీపు వైపు సరిగా నునుపు చేయని చోట ఆ కొలత బిందువుల చిన్న గుంటలు, పళ్ల ఉలి గీసిన సమాంతర గీతలు, లోతు మడతల్లో బరమా దించిన గుండ్రటి చారలు కనిపిస్తే ఉలి పనే. వాటికి బదులు రెండు పక్కలా నిలువునా సన్నటి అతుకు గీత, గాలి బుడగల గుంటలు ఉంటే అచ్చులో పోసినది.

బరువు మరో సాక్షి. పాలరాయి లీటరు ఘనపరిమాణానికి 2.7 కిలోలు తూగుతుంది. అడుగు ఎత్తున్న, ఒళ్లంతా రాయైన మాత విగ్రహం సుమారు 3 నుంచి 4 కిలోలు ఉండాలి. ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే రెండడుగుల విగ్రహం 25, 30 కిలోలకు వస్తుంది. ఒక్క మనిషి చంకన పెట్టుకుని పోగలిగితే అది లోపల డొల్లగా ఉన్న ప్లాస్టరే.

టార్చి వెలుగు వేళ్ల కొసలకో, మేలిముసుగు అంచుకో వెనక నుంచి వేస్తే మంచి పాలరాయి తేనెరంగులో లోపలికి వెలుగును పీల్చుకుంటుంది. ప్లాస్టర్ నల్లగా అడ్డుపడుతుంది. విరిగిన చోట పంచదార పలుకుల్లా స్ఫటికాలు మెరిస్తే పాలరాయి, సుద్దలా పొడి రాలితే ప్లాస్టర్. వెలుగును దాటనిచ్చే మరో రాయి ఉంది, అలబాస్టర్. అది జిప్సం, గోటితో గీరితే గీత పడేంత మెత్తన. పాలరాయిని గోరు ఏమీ చేయలేదు. పరీక్షకు పీఠం అడుగు భాగాన్నే ఎంచుకోవాలి. నిమ్మరసం చుక్క వేసి నురగ చూడటం గురించి చాలామంది చెబుతారు. నాకది నచ్చదు. పాలరాతి పొడిని జిగురుతో కలిపి పోసిన కొత్త నకలు కూడా నురగలు కక్కుతుంది, పైగా చుక్క పడిన చోట మెరుపు శాశ్వతంగా పోతుంది. చీకట్లో అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) దీపం వేయడం మేలు. పాత రాతి తలం మచ్చలు మచ్చలుగా పసుపు కలిసిన తెలుపులో వెలుగుతుంది. ఈమధ్యే చెక్కిన చోటు ఊదారంగులో కనిపిస్తుంది. కొత్తగా అతికించిన వేలు ఆ వెలుగులో ఇట్టే దొరికిపోతుంది.

ఏవి పాడవుతాయి, ఎందుకు

మొదట విరిగేవి జోడించిన చేతుల వేళ్లు. రాయి మీద ఎంత బరువు పెట్టినా మోస్తుంది కానీ, వంచితే పుటుక్కున విరుగుతుంది. అందుకే శిల్పులు ముంజేతులకూ ఛాతీకీ మధ్య రాయి వదిలేస్తారు, వస్త్రాన్ని వెనక వైపు నేలదాకా దించి చీలమండల మీద బరువు పడకుండా చూస్తారు. విగ్రహాన్ని ఎత్తేటప్పుడు చేతులు పట్టుకోవడం, మెడ చుట్టూ తాడు వేయడం రెండూ ప్రమాదమే. పీఠం కింద ఒక చేయి, నడుం వెనక ఒక చేయి ఉండాలి. 20 కిలోలు దాటితే ఇద్దరు మనుషులు.

తర్వాతి శత్రువు లోపలే దాక్కుంటుంది. పాత మరమ్మతుల్లో తల, చేయి, పీఠం ఇనుప చువ్వలతో బిగించేవారు. తేమ తగిలి ఇనుము తుప్పుపడితే అది రెట్టింపుకు పైగా ఉబ్బుతుంది. రాయి లోపలి నుంచి చీలుతుంది. మెడ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నటి పగులు, దాని పక్కన నారింజరంగు మరక కనిపిస్తే చువ్వ ఉబ్బుతోందని అర్థం. పైపైన సిమెంటు పూస్తే ఆగదు. చువ్వ తీసి స్టెయిన్‌లెస్ స్టీలుది పెట్టాలి, అది నిపుణుడి పని.

ఎండలో, వానలో ఉన్న విగ్రహాల కథ వేరు. పాలరాతిలోని కాల్సైట్ స్ఫటికం వేడికి ఒక దిశలో సాగుతుంది, అడ్డదిశలో కుంచించుకుపోతుంది. పక్కపక్క స్ఫటికాలు తలో దిక్కున ఉంటాయి కాబట్టి ప్రతి పగలూ రాత్రీ ఒకదాన్నొకటి తోసుకుని, కొన్నేళ్లకు పట్టు వదులుతాయి. ముట్టుకుంటే వేలికి పంచదారలా రేణువులు అంటుతాయి. మన వేసవి దీన్ని త్వరపెడుతుంది. ఫ్యాక్టరీ పొగలోని గంధకపు వాయువు తోడైతే తలం జిప్సంగా మారి, నల్లటి పెచ్చు కట్టి ఊడుతుంది. రేణువులు రాలే విగ్రహాన్ని బ్రష్షుతో కూడా తాకకూడదు. నీడలోకి చేర్చడమే ముందు చేయాల్సిన పని.

గుహల్లో కొవ్వొత్తుల మసి, మైనం, భక్తులు పోసే కొబ్బరినూనె, దండల పసుపు. ఇవన్నీ కలిసి విగ్రహం చెంపల్ని గోధుమరంగు చేస్తాయి. పండగ ముందు రోజు ఎవరో చింతపండు తెచ్చి ఇత్తడి చెంబు తోమినట్టు తోముతారు. ఇత్తడికి చింతపండు మందు, పాలరాతికి విషం. పులుపు ఏదైనా, నిమ్మకాయ, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్, రాతి పై పొరను కరిగిస్తుంది. ఆ రోజుకు తెల్లగా మెరిసినట్టుంటుంది. ఆ తర్వాత గరుకుదేలిన తలం మునుపటికంటే రెట్టింపు వేగంతో మురికి పడుతుంది.

సరైన క్రమం నెమ్మదైనది. తలం గట్టిగా ఉందని తేలాక, మెత్తని పొడి బ్రష్షుతో పై నుంచి కిందికి దుమ్ము దులపాలి. పీఠం వెనక రూపాయి బిళ్లంత చోట పరీక్షించి, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన దూది పుల్లను దొర్లించాలి, రుద్దకూడదు. మురికి అంటిన దూది వెంటనే పారేసి కొత్తది తీసుకోవాలి. చాలకపోతే లీటరు నీటికి రెండు మూడు చుక్కల రంగూ వాసనా లేని తటస్థ సబ్బు కలిపి, తర్వాత మంచినీటి దూదితో రెండుసార్లు తుడవాలి. నీలిరంగు, బంగారు పూత ఉన్న చోట నీళ్లు కూడా వద్దు. మైనం గట్టిపడ్డాక చెక్క పుల్లతో లేపి, మిగిలిన జిడ్డుకు వైట్ స్పిరిట్ దూది. లోపలికి ఇంకిన నూనెకు పట్టు వేయాలి: కాగితపు గుజ్జునో తెల్లటి కేయోలిన్ మట్టినో తగిన ద్రావణంతో ముద్ద చేసి, అర అంగుళం మందాన పరిచి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచి, తర్వాత కప్పు తీసి ఆరనివ్వాలి. ఆరేటప్పుడు నూనె ముద్దలోకి వస్తుంది. ఒకసారికి పోదు, మూడు నాలుగు సార్లు పడుతుంది.

పాలరాతికి ఆయిల్ పెయింట్ వేయడం మన ఊళ్లలో భక్తితో జరిగే నష్టం. రంగు తేమను లోపలే బంధిస్తుంది. సిమెంటు పీఠం నుంచి ఎక్కే ఉప్పు నీరు రంగు వెనక స్ఫటికమై, రంగుతో పాటు రాతి పొరనూ ఊడగొడుతుంది. విరిగిన వేలిని బజారు జిగురుతో అతికించడమూ అంతే. అది పసుపెక్కుతుంది, తప్పుగా అతికితే విప్పడానికి రాదు. సంరక్షకులు వాడే అక్రిలిక్ రెజిన్‌ను అసిటోన్‌తో మళ్లీ కరిగించవచ్చు. ముక్కను దూదిలో చుట్టి, ఎక్కడ దొరికిందో రాసి డబ్బాలో దాచిపెట్టడం ఎవరైనా చేయగల మరమ్మతు.

గుడిలోని విగ్రహమైతే మరో సంగతి. కతోలిక ధర్మశాస్త్రం 1189వ నిబంధన ప్రకారం, పాతదనం వల్లో కళ వల్లో భక్తి వల్లో విలువైన విగ్రహాన్ని బాగుచేయించాలంటే పీఠాధిపతి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆయన నిపుణుల్ని సంప్రదించాకే ఇవ్వాలి. ప్రజలు ఎంతో భక్తితో కొలిచే విగ్రహాన్ని అమ్మాలన్నా, శాశ్వతంగా తరలించాలన్నా 1190వ నిబంధన కింద రోము అనుమతి కావాలి. వందేళ్లు దాటిన శిల్పం మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికీ వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు విదేశానికి పంపడం నేరం. ఆశీర్వదించిన విగ్రహం బాగుచేయలేనంతగా పగిలిపోతే దాన్ని చెత్తలో వేయరు. ముక్కలు చేసి, తొక్కుడు పడని చోట భూమిలో పాతిపెడతారు.